మా అత్తగారిది వయసు మరుపా, డిమెన్షియా మొదలా? ఎలా గుర్తుపట్టాలి, హైదరాబాద్‌లో ఎక్కడ చూపించాలి?

వనస్థలిపురం_కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తగారికి 72 ఏళ్లు. పదో తరగతి దాకా చదివారు. 15 ఏళ్లుగా షుగరు. మెట్‌ఫార్మిన్ పూటకొకటి, పరగడుపున గ్యాస్‌కి పాంటోప్రజోల్, బీపీకి ఒక మాత్ర వాడుతున్నారు. సంక్రాంతి నుంచి కొన్ని తేడాలు కనిపిస్తున్నాయి. ఒకే ప్రశ్న పావుగంటలో మూడుసార్లు అడుగుతున్నారు, జవాబు విన్న సంగతే గుర్తుండటం లేదు. ఏటా ఇంటిల్లిపాదికీ సకినాలు చుట్టే మనిషి ఈసారి "ఓపిక లేదు, కొనుక్కురండి" అన్నారు. పప్పులో ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడింది, ఇంకోరోజు అసలు పడలేదు. రైతుబజారులో బేరం ఎంతైనా 500 నోటే తీసి ఇస్తున్నారు. గొలుసు కనిపించకపోతే పనమ్మాయి మీద అనుమానపడ్డారు, తీరా అది బియ్యం డబ్బాలో దొరికింది.

పాత సంగతులు మాత్రం పెళ్లినాటి పెట్టుపోతలతో సహా చెబుతారు. అందుకే మావారు "అమ్మ జ్ఞాపకశక్తి మనకంటే నయం" అంటున్నారు. ఏది వయసుతో వచ్చేది, ఏది కాదు? ఇంట్లో ఏం గమనించాలి?

సైకాలజిస్ట్_అమీర్‌పేట:

ముందు మీవారి మాట. పాత సంగతులు గుర్తున్నాయని ధీమా పడకండి. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అది మొదట దెబ్బతీసేది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని. ఇప్పుడు విన్నదాన్ని, చూసిందాన్ని మనసులో నిలబెట్టే పని దానిది. ఎప్పుడో నాటుకుపోయిన జ్ఞాపకాలు చాలాకాలం చెక్కుచెదరవు. పెళ్లినాటి మాటలు చెప్పగలిగి, పొద్దున ఏం తిన్నారో చెప్పలేకపోవడం ఈ జబ్బు తీరే.

మీరు రాసినవాటిలో నాకు బరువుగా అనిపించినవి మరుపులు కావు, సకినాలూ 500 నోటూ. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం, తాళాలు వెతుక్కోవడం, వంటింట్లోకి వెళ్లి "ఎందుకొచ్చానబ్బా" అని నిలబడటం 50 దాటిన ఎవరికైనా ఉంటాయి. కాసేపటికి గుర్తొస్తుంది, లేదా గుర్తు చేస్తే "ఆఁ, అవును" అంటారు. డిమెన్షియా అనాలంటే మరుపు ఒక్కటీ చాలదు. ఇదివరకు ఒంటిచేత్తో నడిపిన పని ఇప్పుడు నడపలేకపోతూ ఉండాలి. పోల్చాల్సింది పక్కింటి 72 ఏళ్లావిడతో కాదు, రెండేళ్ల కిందటి మీ అత్తగారితోనే.

సకినాలనే తీసుకోండి. బియ్యం నానబెట్టాలి, వడేసి తడి ఉండగానే పిండి పట్టించాలి, నువ్వులు, వాము, ఉప్పు కలపాలి, పిండి వేళ్ల మధ్య జారేలా నీళ్లు చూసుకోవాలి, బట్ట మీద చుట్టాలి, తడి లాగాక నూనెలో వేయాలి. వరస గుర్తుంచుకుంటూ, చేతిని నడిపిస్తూ, నూనె కాగిందో లేదో చూసుకుంటూ చేసే పని. మెదడులో ఇన్ని భాగాలు ఒక్కసారి కలిసి పనిచేయాల్సిన చోటే తేడా ముందు బయటపడుతుంది. రోజువారీ అన్నం, చారు ఇంకా కొన్నాళ్లు బాగానే సాగుతాయి.

మోకాళ్ల నొప్పితో మానేశారా, వరస తప్పి మానేశారా అన్నది తేల్చుకునే దారి ఒకటుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరు చేస్తూ "తర్వాత ఏం చేయమంటారు అత్తయ్యా" అని అడగండి. బాధ మోకాళ్లదే అయితే కూర్చున్నచోటి నుంచే అన్నీ చెబుతారు, మీ చుట్టలకి వంకలు కూడా పెడతారు. వరస తప్పితే మధ్యలో ఆగిపోతారు, "నీకు తెలుసుగా" అని దాటేస్తారు, లేదా విసుక్కుని లేచిపోతారు.

500 నోటు సంగతి కూడా అలాంటిదే. పెద్ద నోటు ఇస్తే లెక్క కట్టే భారం కొట్టువాడి మీదకు పోతుంది. పర్సులో పది రూపాయల నోట్లు, నాణేలు పేరుకుపోతున్నాయేమో చూడండి. తిరిగిచ్చిన చిల్లర ఎంచుకుంటున్నారా, అలాగే కొంగున ముడి వేస్తున్నారా చూడండి.

పనమ్మాయి మీద అనుమానం అత్తగారి స్వభావం మారిపోవడం వల్ల వచ్చింది కాదు. తానే దాచిన గుర్తు చెరిగిపోయింది, వస్తువు కనిపించడం లేదు, కాబట్టి ఎవరో తీసి ఉండాలి. ఆ మనసుకి అది సరైన లెక్కే. వాదించవద్దు. "పదండి, ఇద్దరం వెతుకుదాం" అనండి. బియ్యం డబ్బా, దిండు గలీబు, పూజగది, పాత చీరల మడతలు చూశాకే ఎవరినైనా అడగండి. ఈ జబ్బు వల్ల నిందలు మోసి పని పోగొట్టుకునే అమ్మాయిలు ఉన్నారు, దయచేసి అది జరగనివ్వకండి.

దారి తప్పడం విషయంలో మన ఊళ్లో కాస్త జాగ్రత్తగా తూకం వేయాలి. ఆరు నెలలు పోతే కొత్త ఫ్లైఓవర్, కొత్త యూటర్న్ వస్తాయి. ఎల్బీనగర్ కూడలి దగ్గర తికమకపడటం లక్షణం కాదు. ఇరవై ఏళ్లుగా వెళ్లే గుడి నుంచి సొంత గల్లీకి తిరిగి రాలేకపోవడం లక్షణం.

అన్ని డిమెన్షియాలూ మరుపుతోనే మొదలవ్వవు. 45–65 మధ్య వయసులో, జ్ఞాపకం బాగుండి సిగ్గు బిడియం పోవడం, అయినవాళ్ల కష్టం పట్టకపోవడం, తీపి మీద విపరీతమైన యావ కనిపిస్తే ఫ్రంటోటెంపోరల్ రకం గురించి ఆలోచించాలి. గదిలో పిల్లలో జంతువులో ఉన్నట్టు స్పష్టంగా కనబడటం, నిద్రలో కలకి తగ్గట్టు కాళ్లూ చేతులూ విసరడం, ఒకరోజు చురుగ్గా ఒకరోజు మత్తుగా ఉండటం లూయీ బాడీ రకంలో చూస్తాం. వాళ్లకి భ్రమలు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ప్రమాదం, అందుకే ఈ లక్షణాలు డాక్టరుకి తప్పక చెప్పాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లలో మెట్టు దిగినట్టు ఒక్కసారిగా తగ్గి, కొన్నాళ్లు నిలకడగా ఉండి మళ్లీ తగ్గితే రక్తనాళాల వల్ల వచ్చే రకం కావచ్చు.

రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. "మతిమరుపు ఎక్కువైంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "12వ తేదీ సాయంత్రం 5:10 నుంచి 5:25 లోపు ఒకే ప్రశ్న మూడుసార్లు. నిరుడు ఇలా లేదు" అని రాయండి. ఇంకొక్కటి: "ఈ రోజు తేదీ ఎంత, ప్రధానమంత్రి ఎవరు" అని ఇంట్లో పరీక్షలు పెట్టకండి. వాళ్లు అవమానపడతారు, అసలు పరీక్షకి రమ్మంటే రారు.

మందుల_కొట్టు_చిక్కడపల్లి:

అత్తగారు వాడే మందుల జాబితా చూసి రాస్తున్నా. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. పాంటోప్రజోల్ కూడా తగ్గిస్తుంది, ఎందుకంటే తిండిలోని బి12 విడివడాలంటే కడుపులో ఆమ్లం కావాలి. శాకాహారులైతే మొదటే నిల్వ తక్కువ. ఈ మూడూ కలిస్తే మరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు కలిసి వస్తాయి. రక్తంలో బి12 ఒక మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల లోపుంటే లోపమే. 200–300 మధ్య ఉంటే అనుమానాస్పదం. పరీక్షకి రక్తం ఇచ్చేదాకా బి-కాంప్లెక్స్ మాత్రలు, ఇంజెక్షన్లు మొదలుపెట్టకండి. ముందే వేసుకుంటే అంకె పైకి లేచి అసలు లోపం కప్పబడిపోతుంది.

బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. అందులో మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ కలిసి ఉంటే పెద్దవాళ్లలో సోడియం పడిపోయి అయోమయం రావచ్చు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో చూడండి. షుగరుకి గ్లిమిపిరైడ్ కూడా ఉంటే, భోజనం ఆలస్యమైన రోజున షుగరు పడిపోయి మాట తడబడవచ్చు.

బ్యాగులో ఇంకేం ఉన్నాయో కూడా చూడాలి. జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, దురదకి హైడ్రాక్సిజిన్, నిద్రకి ఆల్‌ప్రజోలామ్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఆక్సీబ్యుటినిన్. వీటిలో ఏ ఒక్కటైనా 70 దాటిన మెదడుని మబ్బు పట్టిస్తుంది, రెండు కలిస్తే అచ్చం డిమెన్షియాలాగే ఉంటుంది. వేర్వేరు డాక్టర్లు వేర్వేరు ఏళ్లలో రాసినవి ఆపమన్నవాళ్లు లేక సాగుతుంటాయి. చీటీలు కాదు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. ఆల్‌ప్రజోలామ్ అయితే అసలు ఒక్కసారిగా ఆపకూడదు.

బోడుప్పల్_నర్సు:

ఒక్క మాట అక్కా. మీ అత్తమ్మకి నెలల మీద మెల్లగ వచ్చింది కాబట్టి రెండు వారాలు రాసుకుంట ఆగినా ఫరవాలేదు. కానీ నిన్న మంచిగున్న మనిషి ఇయ్యాల యాడున్నదో తెల్వకుంట మాట్లాడితే, గంట గంటకి మారితే, పిలిస్తే సగం మాటకే కండ్లు మూస్తే, అది డిమెన్షియా ముదిరిందని ఇంట్ల కూసోవద్దు. దాన్ని డెలీరియం అంటరు. మూత్రంల ఇన్ఫెక్షన్, నిమ్ము, సోడియం పడుడు, మలబద్ధకం, కొత్త మాత్ర, ఏదైనా కారణం కావచ్చు. ముసలోళ్లకి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ముందుగాల గ్లూకోమీటర్ పెట్టి షుగర్ చూడుండ్రి. 70 కంటే తక్కువుండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపి, 15 నిమిషాలకి మళ్ల చూడుండ్రి. ఎంతున్నా గానీ ఆ రోజే దవాఖానకి పోవాలె. మూతి వంకర, చెయ్యి పడిపోవుడు, మాట పోవుడు ఉంటే 108.

ఇంకోటి, బాత్‌రూంల జారి తలకి దెబ్బ తగిలిన నెల రెండు నెలలకి మరుపు, తలనొప్పి, మత్తు మొదలైతే మెదడు పైపొర కింద రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. రక్తం గడ్డకట్టకుండ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేటోళ్లకి చిన్న దెబ్బ చాలు. స్కాన్ల కనబడ్తది, ఆపరేషన్‌తోని మంచిగైతది.

వనస్థలిపురం_కోడలు:

అందరికీ చాలా థాంక్స్. మాత్రలన్నీ బయట పెట్టి చూస్తే, బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసే ఉంది. జలుబు మాత్రలు కూడా ఉన్నాయి. తల దెబ్బ ఏమీ లేదు.

ఇంకో మూడు సందేహాలు. మా ఆడబిడ్డ యూట్యూబ్‌లో చూసి గడియారం బొమ్మ గీయించింది. పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటే అత్తగారు ఒక ముల్లు 11 మీద, ఇంకోటి 10 మీద పెట్టారు. అంటే తేలిపోయినట్టేనా? రెండోది, "నాకేం రోగం" అంటున్నారు, ఆస్పత్రికి ఎలా తీసుకెళ్లాలి? మూడోది, ఎక్కడికి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

న్యూరో_ఓపీ:

తేలిపోలేదు. అయితే ఆ తప్పు పనికొచ్చే ఆధారమే. "పది నిమిషాలు" అని వినగానే పెద్ద ముల్లుని 2 మీదకు తిప్పాలి. అలా మార్చుకోకుండా చెవిన పడ్డ "పది"నే పట్టుకుని 10 మీద పెట్టడం ఆలోచనని మలుపు తిప్పే శక్తి తగ్గినప్పుడు కనిపించే తప్పు. కానీ కళ్లజోడు పెట్టుకున్నారా, శుక్లాలు ఉన్నాయా, పెన్ను పట్టి ఎన్నాళ్లైంది, కూతురు పక్కన కూర్చుని తొందరపెట్టిందా, ఇవన్నీ ఆ బొమ్మ మీద పడతాయి. ఆ కాగితం తేదీ వేసి దాచండి, మళ్లీ గీయించకండి. ఇంట్లో సాధన చేయిస్తే అసలు పరీక్ష పాడవుతుంది.

తీసుకెళ్లడం విషయంలో అబద్ధం అక్కర్లేదు. షుగరుకి, బి12కి, సోడియంకి రక్తపరీక్షలు నిజంగానే చేయించాలి, అదే చెప్పండి. ఆవిడ మాట వినే మనిషి ఎవరో చూసి వాళ్ల చేత చెప్పించండి. ఓపీలో మీ నోటుబుక్కులోంచి ఒక్క పేజీ ముందుగా లోపలికి పంపండి. ఆవిడ ఎదుట "డాక్టరు గారూ, ఈవిడకి ఏమీ గుర్తుండదు" అని మొదలుపెడితే ఆ రోజు ఇక నోరు విప్పరు. "నాకేం రోగం" అనడం మొండితనం కాకపోవచ్చు. తన లోపం తనకి తెలియకపోవడం కూడా జబ్బులో భాగమే. దిగులు జబ్బులో (డిప్రెషన్) దీనికి తలకిందులుగా ఉంటుంది. దిగులున్నవాళ్లు మరుపు గురించి తామే ఎక్కువ బాధపడి చెప్పుకుంటారు, ప్రశ్న అడిగితే ప్రయత్నించకుండానే "తెలీదు" అంటారు.

మొదటి మెట్టు అత్తగారి షుగరు చూసే ఫిజీషియనే. రక్తపరీక్షల్లో బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), సోడియం, పొటాషియం, కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీలకి), లివర్ పరీక్షలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), రక్తహీనత, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్‌కి) ఉండాలి. థైరాయిడ్ తగ్గితే మనిషి మందగించి డిమెన్షియాలాగే కనిపిస్తారు. వినికిడి తప్పనిసరిగా చూపించండి. వినపడని మాటని మరిచిపోయినట్టు లెక్కేయడం మన ఇళ్లలో చాలా జరుగుతుంది. ఆ తర్వాత న్యూరాలజిస్టు, మెదడుకి ఎంఆర్‌ఐ. పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నడక, మూత్రం ఆపుకోలేకపోవడం, మరుపు మూడూ ఉంటే మెదడులో నీరు చేరడం కావచ్చు. ఆ నీటిని బయటికి మళ్లించే సన్నని గొట్టం (షంట్) వేస్తే వారిలో చాలామందికి నడక మెరుగవుతుంది.

ప్రభుత్వపరంగా పంజాగుట్ట నిమ్స్, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా, సికింద్రాబాద్ గాంధీల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి. అనుమానాలు, దిగులు, నిద్ర లేకపోవడం ఎక్కువైతే ఎర్రగడ్డ మానసిక వైద్యాలయం. ఏది ముందో తేల్చుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

జ్ఞాపకశక్తి పరీక్ష ఏ భాషలో చేస్తారో ముందే అడగండి. ఆవిడ ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి. అడెన్‌బ్రూక్స్ అనే జ్ఞాపకశక్తి పరీక్షకి తెలుగు రూపం ఉంది, ఐసీఎంఆర్ తయారు చేయించిన పరీక్షల సముదాయం కూడా తెలుగులో ఉంది. చదువు ఎంతో చెప్పాలి, ఎందుకంటే 30 మార్కుల చిన్న జ్ఞాపకశక్తి పరీక్షలో 24 అనే అంకె డిగ్రీ చదివినవారికి ఒకలా, బడికి వెళ్లనివారికి ఇంకోలా అర్థమవుతుంది. మన ఊళ్లో 85 దాటిన కొందరు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు, వాళ్లు లెక్కలు ఉర్దూలోనే కడతారు. వందలోంచి ఏడు తీసేయమని తెలుగులో అడిగితే అన్యాయమే. ఇంగ్లీషు తేదీ తెలియని ఇల్లాలికి తిథి తెలిసి ఉండవచ్చు, "రేపు ఏకాదశి" అని సరిగ్గా చెబితే ఆవిడకి కాలం తెలుస్తున్నట్టే.

భాషల మాట వచ్చింది కాబట్టి: నిమ్స్ మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల మీద జరిగిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. ఇంట్లో ఇది ఇంకోలా కూడా పనికొస్తుంది. తెలుగు, ఉర్దూ గడగడా మాట్లాడే మనిషి ఒక భాషని వదిలేసి ఇంకోదానిలోకి జారిపోతుంటే అది కూడా నోటుబుక్కులో రాయండి.

మందుల సంగతి డాక్టరే చూస్తారు, అయినా తెలిసి ఉండటం మంచిది. అల్జీమర్స్ అని తేలితే సాధారణంగా డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 4–6 వారాలకి సరిపడితే 10కి పెంచుతారు. జబ్బుని ఆపదు, కొందరిలో కొంతకాలం తెలివిని నిలబెడుతుంది. నాడి నెమ్మదించేలా చేస్తుంది, అందుకే ముందు ఈసీజీ అడగండి. వికారం, విరేచనాలు రావచ్చు. రాత్రి వేస్తే పీడకలలు వస్తుంటే పొద్దుటికి మార్చమని అడగండి.

దస్తావేజులు_రంగారెడ్డి:

వైద్యం సంగతి పైన చెప్పారు, నేను కాగితాల గురించి. నిర్ధారణ మొదట్లోనే అయితే ఆవిడకి ఇంకా నిర్ణయం తీసుకునే శక్తి ఉంటుంది. వీలునామా రాయాలన్నా, ఖాతాలకి నామినీ పెట్టాలన్నా అదే సమయం. వీలునామా రాసే రోజునే "విషయం అర్థం చేసుకోగలుగుతున్నారు" అని డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని జతచేయండి, రేపు తగాదా వస్తే అదే నిలబడుతుంది.

జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికిచ్చే పత్రం) రాయించుకుంటే చాలు అనుకునేవాళ్లు చాలామంది. మన చట్టంలో రాసిచ్చిన మనిషికి మతి స్థిరం తప్పితే ఆ అధికారం కూడా అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత సంరక్షకుడిగా నియమించమని హైకోర్టుకి వెళ్లాల్సి వస్తుంది. బ్యాంకు ఖాతాని ఇప్పుడే "ఇద్దరిలో ఎవరైనా" పద్ధతిలో జాయింటు చేయించండి. సంతకం మారిపోయి చెక్కులు తిరిగి రావడం మొదలైతే అదీ ఒక లక్షణమే.

ఇల్లు గిఫ్టు డీడు చేయించే తొందర పెట్టకండి. ఆవిడే ఇస్తానంటే, తనని చూసుకోవాలనే షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించండి. 2007 నాటి పెద్దల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అది రద్దు చేయించుకోవచ్చు. ఓటీపీ అడిగే ఫోన్లు వీళ్లనే వెతుక్కుంటూ వస్తాయి. ఫోన్‌కి కలిపిన బ్యాంకు ఖాతాలో కొద్ది మొత్తమే ఉంచండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సైకాలజిస్ట్_అమీర్‌పేట:

నోటుబుక్కు సాగే ఈ రెండు వారాల్లోనే చేయాల్సినవి రెండు. స్టవ్ దగ్గర ఆవిడని పక్కకి జరపకండి, పక్కన ఉండండి. కుక్కర్‌లో నీళ్లు పోశారా, గ్యాస్ కట్టారా అన్నది మీరు చూసుకోండి. వంట పూర్తిగా లాగేసుకుంటే ఉన్న చేతిపని కూడా పోతుంది. రెండోది, చీర పవిటకి పెట్టే పిన్నుకి చిన్న గుడ్డ పట్టీ కుట్టి మీ ఫోన్ నంబరు చెరగని ఇంకుతో రాయండి. బ్యాగులో కార్డు పెడితే బ్యాగే ఇంట్లో మరిచిపోతారు. గల్లీ చివరి కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, గుడి పూజారి, ఈ ముగ్గురికీ "అమ్మ ఒంటరిగా అటు వైపు వెళుతుంటే ఒక ఫోన్ కొట్టండి" అని చెప్పి ఉంచండి.